వాతావరణ మార్పు పాఠం: ప్రయోగమా, గ్రాఫా, సిమ్యులేషనా?

వాతావరణ మార్పు గురించి చెప్పడానికి సైన్స్ టీచర్‌కు దొరికేది మహా అయితే మూడు నాలుగు పీరియడ్లు. చూపించాల్సిందేమో బోలెడు. సీసాల్లో కార్బన్ డయాక్సైడ్ నింపి ప్రయోగం చేయాలా? శాస్త్రవేత్తలు తీసిన అసలు కొలతలు పిల్లల చేతికిచ్చి గ్రాఫులు గీయించాలా? కంప్యూటర్‌లో సిమ్యులేషన్ పెట్టాలా? స్కూలు ఆవరణలోనే కొలతలు తీయించాలా? డిబేట్ పెట్టాలా? ఐదూ మంచివే, కానీ ఒక్కొక్కటి ఒక్కో పనికి పనికొస్తుంది. ఆ తేడా ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఆ పద్ధతి ఏ ప్రశ్నకు జవాబిస్తుంది అన్నది. ఈ పాఠంలో మూడు ప్రశ్నలున్నాయి. భూమి ఎలా వేడెక్కుతోంది? వేడెక్కుతోందనీ, దానికి కారణం మనమేననీ ఎలా తెలిసింది? ఇకముందు ఏం చేస్తే ఏమవుతుంది? చాలా పాఠాలు మొదటి ప్రశ్న దగ్గర కాసేపు ఆగి, రెండోది వదిలేసి, మూడోదానికి దూకేస్తాయి. చివరికి పిల్లలకు మిగిలేది "చెట్లు నాటండి, లైట్లు ఆర్పండి" అన్న మాటే. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది రెండో ప్రశ్న. "ఇదంతా సహజమే, పూర్వం కూడా వాతావరణం మారింది" అని బయట ఎవరో అన్నప్పుడు పిల్లవాడు తలూపకుండా, తిరిగి ఒక ప్రశ్న వేయగలగాలంటే దానికి జవాబు తెలిసి ఉండాలి.

రెండోది, తప్పు అభిప్రాయం నాటే ప్రమాదం. ఓజోన్ పొరకు పడ్డ చిల్లు లోంచి ఎండ ఎక్కువగా వచ్చి భూమి వేడెక్కుతోందని నమ్మే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఒకసారి నాటుకున్న తప్పును పెకలించడం కొత్తది నేర్పడం కన్నా కష్టం.

మూడోది, పిల్లల వయసు, వాళ్లకు వచ్చిన గణితం. నాలుగోది, టీచర్ సిద్ధం కావడానికి పట్టే సమయం, కావాల్సిన సామాన్లు. ఐదోది భయం. 2021లో 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగిన సర్వేలో 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి చాలా, లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామన్నారు. వాళ్లకంటే చిన్నవాళ్ల ముందు వరదలు, మంటల ఫోటోలతో పాఠం మొదలుపెట్టడం ఏ విధంగానూ మంచిది కాదు.

| పద్ధతి | బాగా జవాబిచ్చే ప్రశ్న | తగిన వయసు | సిద్ధం కావడానికి | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|---|
| బల్ల మీద ప్రయోగాలు | ఎలా జరుగుతోంది? | 10 ఏళ్ల నుంచి | ఒకసారి ముందే చేసి చూడాలి | ఫలితం సరిగ్గా వచ్చి, కారణం తప్పు కావచ్చు |
| అసలు కొలతలు, గ్రాఫులు | ఎలా తెలిసింది? | 12 ఏళ్ల నుంచి | మొదటిసారి ఎక్కువ, తర్వాత చాలా తక్కువ | అంకెల్లో తప్పిపోవడం |
| సిమ్యులేషన్ | ఎలా జరుగుతోంది? ఏం చేస్తే ఏమవుతుంది? | 12 ఏళ్ల నుంచి | తక్కువ | ఆటలా ఆడి వదిలేయడం |
| ఆవరణలో కొలతలు | కొలవడం అంటే ఏమిటి? | ఏ వయసైనా | ఏడాది పొడవునా కొద్దికొద్దిగా | నాలుగు రోజుల ఎండను వాతావరణ మార్పు అనుకోవడం |
| డిబేట్, నమూనా సమావేశం | ఏం చేయాలి? | 14 ఏళ్ల నుంచి | ఎక్కువ | తేలిపోయిన సైన్సును చర్చకు పెట్టడం |

## బల్ల మీద ప్రయోగాలు

ఎక్కువమంది ఎంచుకునేది సీసాల ప్రయోగం. రెండు గాజు సీసాలు తీసుకుంటారు. ఒకదాంట్లో మామూలు గాలి, రెండోదాంట్లో వెనిగర్, వంటసోడా కలిపి పుట్టించిన కార్బన్ డయాక్సైడ్. రెండింటి మీదా ఒకే రకం బల్బు వెలిగిస్తారు. కాసేపటికి రెండో సీసాలోని థర్మామీటర్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. "చూశారా, గ్రీన్‌హౌస్ ప్రభావం!" అంటాం. పిల్లలు రాసుకుంటారు.

చిక్కేమిటంటే, ఆ తేడాలో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్ ప్రభావం వల్ల, అంటే భూమి వదిలే వేడిని గాలిలోని కొన్ని వాయువులు పట్టి ఉంచడం వల్ల, వచ్చింది కాదు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అది సీసా అడుగున కదలకుండా కూర్చుంటుంది. అందుకే వేడి పైకి లేచి బయటి గాలిలో కలిసిపోవడం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ బదులు ఆర్గాన్ నింపి చూసినప్పుడు ఈ సంగతి తేలింది. ఆర్గాన్ కూడా గాలికన్నా బరువైనదే, కానీ పరారుణ కిరణాలను, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను, అసలు పట్టుకోదు. అయినా ఆ సీసా కూడా దాదాపు అంతే వేడెక్కింది. పైగా భూమి నుంచి వెలువడే రకం పరారుణ కిరణాలను గాజే ఆపేస్తుంది. ఇక లోపలి వాయువు ఏం చేస్తోందో సీసా బయట పెట్టిన బల్బుతో ఎలా తెలుస్తుంది?

అలాగని ఆ ప్రయోగాన్ని పారేయక్కర్లేదు, పెద్ద తరగతుల్లో తిరగేసి వాడొచ్చు. "ఈ ఫలితానికి ఇంకో కారణం ఉండొచ్చా? దాన్ని ఎలా పరీక్షిస్తారు?" అని అడిగితే అదే మంచి సైన్స్ పాఠం అవుతుంది. దీనికి తోడు చరిత్ర కూడా ఉంది. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ ఇలాంటి గాజు గొట్టాలనే ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కుతుందనీ, చల్లబడటానికి ఎక్కువసేపు పడుతుందనీ చూసింది. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని కూడా రాసింది. 1859లో జాన్ టిండల్ ఇంకో అడుగు ముందుకేసి, వేడి కిరణాలను మాత్రమే వేరుచేసి కొలిచాడు. తన గొట్టం రెండు చివర్లకూ గాజు బిగించలేదు, రాతి ఉప్పు పలకలు బిగించాడు. ఉప్పు పలకలోంచి పరారుణ కిరణాలు దూరిపోతాయి, గాజులోంచి పోవు. ఆ ఒక్క మార్పు ఎందుకు చేశాడో పిల్లలు వాళ్లంతట వాళ్లే చెప్పగలిగితే, సీసాల ప్రయోగంలో లోపం ఎక్కడుందో వాళ్లకు తెలిసినట్టే.

గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని నేరుగా చూపించాలంటే మెరుగైన దారి పరారుణ థర్మామీటర్. జ్వరం చూసే రకం కాదు, సున్నాకి బాగా కింద దాకా కొలిచే వర్క్‌షాప్ రకం. మబ్బులేని ఆకాశం వైపు, సూర్యుడికి దూరంగా గురిపెడితే అది చాలా చల్లని అంకె చూపిస్తుంది. దట్టమైన మబ్బు వైపు తిప్పగానే అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. ఆకాశం నుంచి కిందికి వేడి వస్తోందని, అందులో నీటి ఆవిరికి, మబ్బులకు పెద్ద పాత్ర ఉందని పిల్లలు కళ్లారా చూస్తారు. ఇది కార్బన్ డయాక్సైడ్‌ను చూపించదు. ఆ పరికరం కొలిచే రకం పరారుణ కిరణాల మీద ఆ వాయువు ప్రభావం తక్కువ. ఆ మాట కూడా పిల్లలకు చెప్పేయాలి.

కారణం విషయంలో మోసం చేయని చిన్న ప్రయోగాలు మూడున్నాయి. నీళ్లలో తేలే మంచు ముక్క కరిగితే మట్టం పెరగదు, రాయి మీద పెట్టిన మంచు కరిగి నీళ్లలోకి జారితే పెరుగుతుంది. సముద్రంలో తేలే మంచుకూ, నేల మీది హిమానీనదాలకూ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫ్లాస్కులో రంగునీళ్లు నిండా పోసి, సన్నటి గొట్టం ఉన్న బిరడా బిగించి వేడిచేస్తే గొట్టంలో నీళ్లు ఎగబాకుతాయి. మంచు కరగకపోయినా, వేడెక్కినందుకే సముద్రం ఉబ్బుతుందన్నమాట. ఇక బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లత్వం పెరిగితే రంగు మారే ద్రవం) కలిపిన నీళ్లలోకి స్ట్రాతో ఊపిరి ఊదితే, అందులోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లను ఆమ్లంగా మార్చి, నీలం కాస్తా పసుపుపచ్చగా మారుతుంది. మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతు సముద్రం పీల్చుకుంటోంది. దాంతో సముద్రజలం పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది) 8.2 దగ్గర నుంచి 8.1 దగ్గరకు దిగింది. ఊదేటప్పుడు పిల్లలు ఆ నీళ్లు లోపలికి పీల్చకుండా చూసుకోవాలి.

## అసలు కొలతలు, గ్రాఫులు

ఒక్క పద్ధతినే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఖర్చు కాగితం, పెన్సిల్, ప్రింటవుట్లు. మొదటిసారి అంకెలు వెతికి పెట్టుకోవడానికి ఒక ఆదివారం పోతుంది, తర్వాత ఏళ్ల తరబడి అవే వాడుకోవచ్చు.

మొదలుపెట్టడానికి హవాయిలోని మౌనా లోవా కొలతలు బాగుంటాయి. 1958లో చార్లెస్ కీలింగ్ అక్కడ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాల్లో 315 దరిదాపుల్లో ఉండేది. 2024 సగటు 424 దాటింది. మొదట పిల్లలతో రెండేళ్ల నెలవారీ అంకెలు మాత్రమే గీయించండి. గీత పైకి పోతుంది, కిందికి దిగుతుంది. మేలో శిఖరం, సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో లోయ. "ఇది పెరుగుతోందా, తగ్గుతోందా?" అని అడిగితే తరగతి రెండుగా చీలిపోతుంది. ఎందుకిలా ఊగుతోందో కాసేపు వాళ్లనే ఆలోచించనివ్వాలి. ఉత్తరార్ధగోళంలో నేల ఎక్కువ, మొక్కలూ ఎక్కువ. అక్కడి వేసవిలో ఆకులు కార్బన్‌ను లాక్కుంటాయి, ఆకులు రాలి కుళ్లే కాలంలో అది గాలిలోకి తిరిగొస్తుంది. ఆ తర్వాత మొత్తం గ్రాఫు ఇస్తే, ఏటా ఊగుతూనే మెట్లెక్కుతున్న గీత కనిపిస్తుంది. సహజమైన ఊపు ఏది, దాని మీద ఎక్కిన మార్పు ఏది అన్నది ఇంత తేటగా చూపించే గ్రాఫు ఇంకోటి లేదు.

రెండో పీరియడ్‌కు ప్రపంచ ఉష్ణోగ్రత. నాసా పట్టిక 1880 నుంచి దొరుకుతుంది. పిల్లల్ని జట్లు చేసి, ఒక జట్టుకు 1998 నుంచి 2012 వరకు అంకెలు, ఇంకో జట్టుకు 1970 నుంచి నేటి వరకు ఇవ్వండి. మొదటి జట్టు "పెద్దగా పెరగలేదు" అంటుంది, రెండో జట్టు "బాగా పెరిగింది" అంటుంది. రెండు జట్లూ లెక్క సరిగ్గానే వేశాయి. 1998లో బలమైన ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి, ప్రపంచ ఉష్ణోగ్రతను కొంతకాలం పెంచే సహజ మార్పు) వచ్చింది, అక్కణ్నుంచి మొదలుపెడితే గీత చదునుగా కనిపించడం ఖాయం. కొద్ది ఏళ్లు ఏరుకుని ఎలా బుకాయించొచ్చో పిల్లలకు ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది. వాతావరణ సగటుకు కనీసం 30 ఏళ్లు ఎందుకు చూస్తారో వేరే వివరించక్కర్లేదు.

ఇక్కడే టీచర్లు తడబడే చోటు ఒకటుంది. నాసా అంకెలు 1951–1980 సగటుతో పోల్చినవి. వార్తల్లో వినిపించే 1.5 డిగ్రీలు పరిశ్రమలు రాకముందు కాలంతో, అంటే 1850–1900 సగటుతో పోల్చింది. అందుకే ఒకే ఏడాదికి రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తాయి. ఈ మాట ముందే చెప్పకపోతే "ఎవరి లెక్క తప్పు?" అన్న అనుమానం మిగిలిపోతుంది.

పెద్ద పిల్లలైతే ఇంకో మెట్టు ఎక్కించొచ్చు. పెరిగిన కార్బన్ మనదేనని ఎలా తెలిసింది? బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల నాటివి కాబట్టి వాటిలో కార్బన్-14 (కాలంతో పాటు క్షీణించే రకం కార్బన్) ఎప్పుడో క్షీణించిపోయింది. మొక్కల నుంచి పుట్టినవి కాబట్టి కార్బన్-13 (మామూలు కార్బన్ కన్నా కాస్త బరువైన రకం) కూడా తక్కువ. 1950, 60ల్లో అణు పరీక్షలు కార్బన్-14ను కొన్నాళ్లు పెంచినా, గాలిలో ఈ రెండింటి నిష్పత్తీ ఇంధనాలు మండుతున్న తీరుకు తగ్గట్టే తగ్గుతోంది. మరి సూర్యుడి సంగతి? 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగును కొలుస్తున్నాయి. అందులో పెరుగుదల లేదు. పైగా ఎండ పెరిగి ఉంటే పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతుంటే అది చల్లబడుతోంది. ఒక్కో ఆధారాన్ని ఒక్కో కార్డు మీద రాసి, "సూర్యుడు", "అగ్నిపర్వతాలు", "ఇంధనాలు" అన్న మూడు అనుమానితుల్లో ఎవరికి సరిపోతుందో పిల్లల్నే తేల్చమంటే తరగతి హోరెత్తిపోతుంది.

లోటు లేకపోలేదు. అంకెలంటే బెదిరే పిల్లలు వెనకబడతారు. వాళ్లకు గీసిన గ్రాఫే ఇచ్చి, దాని మీద ప్రశ్నలు వేయడం మేలు. 12 ఏళ్ల లోపు వాళ్లకైతే ఏడాదికో రంగు పట్టీ చొప్పున, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు వేయిస్తే చాలు.

## సిమ్యులేషన్లు

కంటికి కనిపించనిదాన్ని చూపించడంలో వీటికి సాటి లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం. వాటిలో నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల మీదికి పరారుణ కిరణాన్ని వదిలితే అది నేరుగా దాటిపోతుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నీటి ఆవిరి మీదికి వదిలితే అణువు వణికి, కిరణాన్ని ఇంకో దిక్కుకు విడుస్తుంది. గాలిలో 0.04 శాతం మాత్రమే ఉన్న వాయువు ఇంత పని ఎలా చేస్తుందన్న అనుమానం ఇక్కడ తీరుతుంది. గాలిలో 99 శాతం ఉన్న మిగతా రెండు వాయువులూ ఈ పనిలో పాలుపంచుకోవు మరి. సీసాల ప్రయోగం చేయలేని పని ఇదే.

ఇకముందు ఏం చేస్తే ఏమవుతుందన్న మూడో ప్రశ్నకు ఎన్-రోడ్స్ అనే సిమ్యులేషన్ ఉంది. బొగ్గు, రవాణా, అడవులు, కార్బన్ ధర లాంటి మీటలు జరుపుతుంటే 2100 నాటి ఉష్ణోగ్రత అంచనా మారుతుంది. అడవుల మీటను చివరిదాకా లాగినా ఉష్ణోగ్రత తాము ఊహించినంత తగ్గకపోవడం పిల్లల్ని ఆశ్చర్యపరుస్తుంది. అయితే దీన్ని నేరుగా ముందు పెడితే ఆటగా మారిపోతుంది. మీట ముట్టుకునే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయించాలి, తర్వాత ఎందుకు తప్పిందో రాయించాలి. అంతకన్నా ముందు ఒక విషయం స్పష్టం చేయాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ నీళ్ల ట్యాంకు లాంటిది. మనం వదిలే దాంట్లో సుమారు సగాన్ని నేల, సముద్రం కలిసి పీల్చుకుంటాయి, మిగతా సగం పోగుపడుతుంది. కుళాయిని ఇంకా ఎక్కువ తిప్పకపోయినంత మాత్రాన ట్యాంకు నిండటం ఆగదు. ఉద్గారాలు పెరగడం ఆగితే చాలు, వేడి కూడా ఆగుతుందని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా పొరబడతారు.

కంప్యూటర్లు లేని చోట ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్ సరిపోతాయి. మీట జరిపేది ఒకరైనా ఊహ రాసేది అందరూ కదా.

## ఆవరణలో కొలతలు

వాన కొలిచే పాత్ర, నీడలో థర్మామీటర్, ఒక చెట్టు ఏ తేదీన చిగురించింది, ఏ తేదీన పూసింది అన్న రిజిస్టర్. చిన్న పిల్లలకు ఇంతకన్నా మంచి మొదలు లేదు. 1995లో మొదలైన గ్లోబ్ కార్యక్రమం ద్వారా 100కు పైగా దేశాల స్కూళ్లు ఇలాంటి కొలతలు పంచుకుంటున్నాయి. కానీ మూడేళ్ల రిజిస్టర్‌తో వాతావరణ మార్పును రుజువు చేయలేం, చేశామని చెప్పనూ కూడదు. కొలత ఎంత ఓపిక పనో, థర్మామీటర్‌ను ఎండలో పెడితే అంకె ఎంత మారిపోతుందో తెలియడమే దీని లాభం. ఆ అనుభవం ఉన్న పిల్లలకు పై గ్రాఫుల మీద నమ్మకం వేరే స్థాయిలో ఉంటుంది.

## డిబేట్, నమూనా సమావేశం

"వాతావరణ మార్పు నిజమా?" అన్న డిబేట్ పెట్టకండి. తేలిపోయిన విషయాన్ని గొంతు పెద్దదున్న జట్టు గెలిచేలా చేయడం పిల్లలకు అన్యాయం. "ఉద్గారాలు ఎవరు ముందు తగ్గించాలి, ఖర్చు ఎవరు భరించాలి?" అన్నది నిజంగా తేలని ప్రశ్న. 2015 పారిస్ ఒప్పందం చర్చల్లోనూ గట్టిగా నలిగింది అదే. దేశాల పాత్రలు పంచి, ఒక్కో దేశం తలసరి ఉద్గారాలు, మొత్తం ఉద్గారాలు, ఇప్పటిదాకా కూడబెట్టినవి అన్న మూడు లెక్కలూ ఇస్తే, ఏ లెక్క ముందుకు తెస్తే ఎవరికి లాభమో పిల్లలు చురుగ్గా పసిగడతారు. సైన్స్ పునాది పడ్డాక మాత్రమే ఇది పెట్టాలి.

## ఎవరికి ఏది

రెండే పీరియడ్లు ఉండి, పిల్లలు 13 దాటిన వాళ్లయితే: మొదటిదాంట్లో ఫెట్ సిమ్యులేషన్, రెండోదాంట్లో మౌనా లోవా గ్రాఫు. ఇంకేమీ పెట్టుకోవద్దు.

10, 11 ఏళ్ల పిల్లలైతే మంచు ప్రయోగం, రంగునీళ్ల గొట్టం, ఆవరణ రిజిస్టర్. ప్రపంచం ఏమైపోతుందన్న మాట ఆ వయసులో వాళ్లడిగితేనే చెప్పండి. ఓజోన్ చిల్లు కథ వీళ్లకు బాగా నప్పుతుంది. 1985లో దాని గురించి ప్రపంచానికి తెలిసింది, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, ఇప్పుడు ఆ పొర కోలుకుంటోంది. అది వేరే సమస్య అని చెప్పినట్టూ అవుతుంది, దేశాలు కలిస్తే పని జరుగుతుందని చూపినట్టూ అవుతుంది.

కరెంటు, ఇంటర్నెట్ మీద భరోసా లేకపోతే గ్రాఫుల ప్రింటవుట్లు, మూడు చిన్న ప్రయోగాలు. దీన్ని తక్కువ రకం పాఠం అనుకోనక్కర్లేదు. "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు ఇదే ఎక్కువ న్యాయం చేస్తుంది.

మీరు సోషల్ టీచరో, భాషా టీచరో అయితే నమూనా సమావేశం తీసుకోండి. కానీ దానికి ముందు సైన్స్ టీచర్‌తో మాట్లాడి, గ్రాఫుల పీరియడ్ అయ్యాకే మీది పెట్టుకోండి. తరగతిలో ఆందోళన పడే పిల్లలున్నారని తెలిస్తే ఎన్-రోడ్స్‌ను చివరి పీరియడ్‌కు ఉంచండి. మీట జరిపితే గీత కిందికి వంగడం వాళ్లు చూడాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, అది పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి వారం తర్వాత ఈ రెండు ప్రశ్నలు కాగితం మీద రాయించండి: "ప్రపంచమంతా ఈ రోజు నుంచి ఉద్గారాలను పెంచకుండా, తగ్గించకుండా ఇదే స్థాయిలో ఉంచేస్తే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఏమవుతుంది?", "సూర్యుడి వల్లే వేడెక్కుతోందని ఎవరైనా అంటే మీరు ఏ కొలత అడుగుతారు?" మొదటిదానికి "తగ్గుతుంది" అనో, "పెరగడం ఆగిపోతుంది" అనో ఎక్కువమంది రాస్తే సిమ్యులేషన్ పీరియడ్ మళ్లీ తీసుకోవాలి. రెండోదానికి కాగితాలు ఖాళీగా వస్తే గ్రాఫుల పీరియడ్.